గెడ్డ నుంచి మత్తడి దాకా: తొమ్మిది రోజుల దారి

సోంపేటలో బయలుదేరి, తీరం వెంట గోదావరి లంకలు దాటి, పల్నాడు మీదుగా నల్లమల ఎక్కి, కడప వైపు దిగి, చివరికి వరంగల్ చెరువుల దగ్గర ఆగే దారి ఇది. నీటికీ నేలకీ ఊరూరా వాడే మాటలు వినడమే పని. సెప్టెంబరు చివర నుంచి నవంబరు మొదటి వారం దాకా మంచి కాలం. వేసవిలో వెళితే వంకా వాగూ రెండూ ఇసుక చారలే, తేడా తెలియదు.

బయలుదేరే ముందు మూడు సంగతులు. వేలు చూపించి "దీన్ని ఏమంటారు?" అని అడగకూడదు. కొత్తవాళ్ళతో మర్యాదగా మాట్లాడాలని పాఠం పుస్తకంలో మాట చెప్పేస్తారు: నది, జలపాతం, లోయ. "వాన పడితే ఇందులో నీళ్ళు ఎంతసేపు ఉంటాయి?", "నిండితే నీళ్ళు ఎటు పోతాయి?" అని అడిగితే అసలు మాట దానంతటదే వస్తుంది. రెండోది, మాటతోపాటు దాని క్రియ కూడా రాసుకోవాలి. పొంగిందా, వచ్చిందా, పారిందా, దుంకిందా అన్నదాంట్లోనే ఆ నీటి గుణం ఉంటుంది. మూడోది, మాట రూపం మారే తీరు. ఏరు అన్నది ఊరి పేరులో చేరితే ఏటి అవుతుంది, నుయ్యి నూతి అవుతుంది, గొయ్యి గోతి అవుతుంది. ఫోన్ మ్యాపులో "ఏరు" అని వెతికితే ఏటిమొగ, ఏటిగట్టు దొరకవు.

మొదటి రోజు: సోంపేట, శ్రీకాకుళం

సోంపేట దగ్గర మొదటి మాట బీల. కొండల మీంచి దిగిన వాన నీళ్ళు సముద్రంలో కలిసేముందు పరుచుకుని నిలిచే చిత్తడి నేల. కొంత మేర వరి, కొంత మేర చేపలు, మిగతాది పశువుల మేత. ఒడియాలో బిల అంటే వరి పొలం. సరిహద్దు దాటి వచ్చేసరికి అర్థం నీటివైపు జరిగింది. ఇలాంటి నేలకే కొంచెం దక్షిణాన నౌపడ వైపు తంపర అంటారు. రెవెన్యూ కాగితంలో బీల అనే మాటకు చోటు లేదు. చిత్తడి నేలను బంజరు కింద లెక్కగట్టి థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించడంతో గొడవ మొదలై, 2010 జులై 14న కాల్పులదాకా వెళ్ళింది, ప్రాణాలు పోయాయి. ఒక నేలకు ఊళ్ళో ఒక పేరు, దస్తావేజులో మరో పేరు ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఈ దారిలో లేదు.

శ్రీకాకుళం వచ్చేలోపు బంద, మదుము చెవిన పడతాయి. బంద అంటే చిన్న చెరువు. మిగతా చోట్ల బండ అంటే రాయి కాబట్టి ద, డ సరిగ్గా వినాలి. ఇంగ్లీషు అక్షరాల్లో రెండూ ఒకలాగే రాస్తారు గనక బోర్డు చూసి తేల్చుకోలేం. మదుము అంటే చెరువు కట్టకు కింద ఉండే నీటి దారి, మిగతా ఆంధ్రంలో, తెలంగాణలో తూము అనేది. పల్లెల్లో చకారం సకారమవుతుంది: సెరువు, సిన్న బంద.

ఇక గెడ్డ. కొండ కింద పుట్టి, తక్కువ దూరం ఎక్కువ వాలులో పరుగెత్తి పెద్ద ఏటిలోనో సముద్రంలోనో పడేది. పాచిపెంట దగ్గర పెద్దగెడ్డ, జియ్యమ్మవలస దగ్గర వట్టిగెడ్డ జలాశయాలు ఈ పేరుతోనే ఉన్నాయి. దీని క్రియ పొంగడం. పైన కొండ మీద వాన పడితే కింద ఎండ కాస్తుండగానే పొంగుతుంది, కొన్ని గంటల్లోనే మళ్ళీ తగ్గుతుంది. దాటే ముందు ఆకాశం చూసి లాభం లేదు, కొండ వైపు చూడాలి. నాగావళి, వంశధారలను మాత్రం గెడ్డ అనరు, అవి ఏరు. ఆ మాటను కూడా "యేరు" అనే పలుకుతారు.

రెండో రోజు: విశాఖ నుంచి పెద్దాపురం

విశాఖ నగరం తన పాత నేలను పేర్లలో దాచుకుంది. హనుమంతవాకలో వాక అంటే ప్రవాహం. పాత కావ్యాల్లో తప్ప విడిగా పెద్దగా వినపడని మాట ఇక్కడ సిటీ బస్సు కండక్టరు నోట రోజుకు వంద సార్లు వస్తుంది. ఆరిలోవలో లోవ అంటే రెండు కొండల నడుమ పల్లం. మాధవధార, సీతమ్మధారల్లో ధార అంటే కొండ మీంచి ఏడాది పొడవునా జారే ఊట. మేఘాద్రిగెడ్డ నగరానికి నీళ్ళిచ్చే జలాశయం. పత్రికల్లో దీన్ని ఒకరోజు గెడ్డ అనీ మరోరోజు గడ్డ అనీ వేస్తారు. ఇది అచ్చు తప్పుతో పోయే తేడా కాదు. తెలంగాణలో గడ్డ అంటే ఎత్తుగా, పొడిగా ఉన్న నేల, ఒడ్డు. విశాఖలో గెడ్డ అంటే నీళ్ళు. ఊరి మధ్య గెడ్డలు చాలావరకు సిమెంటు గోడల మధ్య మురుగు కాలువలయ్యాయి, అయినా భారీ వాన పడితే పాత క్రియను మరవవు.

అచ్యుతాపురం దగ్గర కొండకర్ల ఆవ చూడాలి. ఆవ అంటే పల్లంలో సహజంగా నిలిచిన మంచినీటి మడుగు, తామరలూ తుంగా నిండినది. ఎవరూ కట్ట వేసి తవ్వలేదు కాబట్టే దాన్ని చెరువు అనరు. రెండు తాటి మొద్దులను తొలిచి జోడించిన దోనె మీద తిప్పుతారు. ఇదే మాట రాజమహేంద్రవరం దగ్గర ఆవ భూములుగా మళ్ళీ కనిపిస్తుంది. అక్కడ కూడా వానకు మునిగే పల్లమే. ఇంటి స్థలం కొనేవాళ్ళు పేరులో ఆవ ఉంటే ఒక్క వానాకాలం ఆగి చూడటం మేలు.

తుని దగ్గర తలుపులమ్మ లోవ. లోవ అనే మాట తీరంలో ఇంతకు దిగువన దాదాపు వినపడదు. పెద్దాపురంలో పాండవుల మెట్ట ఉంది, గుహలున్న చిన్న కొండ. ఇక్కడ మెట్ట అంటే కొండే. పది ఊళ్ళు దాటి "మాది మెట్ట ప్రాంతం" అని రైతు అంటే కొండ కోసం చూడకూడదు. కాలువ నీళ్ళు ఎక్కని, వానమీదా బోరుమీదా ఆధారపడిన నేల అని అతని మాట. నెల్లూరు వైపు కూడా ఈ రెండో అర్థమే.

మూడో రోజు: కాకినాడ, కోనసీమ

ఈ దారిలో మాటలు ఎక్కువ దొరికే రోజు ఇదే, తెల్లవారే బయలుదేరాలి. కాకినాడలో ఏటిమొగ జాలరుల పేట. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే నోరు. మొగ పూడితే పడవ లోపలికి రాదు, మొగ తెరిస్తే ఉప్పునీళ్ళు పొలాల మీదికి ఎగదన్నుతాయి. కోరంగి మడ అడవుల్లో మడ అన్నది చెట్ల పేరు. మిగతా ఊళ్ళవాళ్ళు దాన్ని పొలం మడి అనుకుని వింటారు.

యానాం దాటితే లంకలు. గోదావరి ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠ అనే రెండు పాయలుగా చీలుతుంది. వశిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. పాయల నడుమ ఒండ్రు చేరి తేలిన నేల లంక. కొత్తగా తేలినదాన్ని వెంటనే లంక అనరు. ముందు ఇసుక మేట వేస్తుంది, తర్వాత దాని మీద గడ్డీ దుబ్బులూ మొలిచి దిబ్బ అవుతుంది, నాలుగు వరదల ఒండ్రు పట్టి దున్నడానికి వచ్చాకే లంక. ఒకవైపు మేట వేస్తే మరోవైపు ఏరు కోస్తుంది. "కోత పడుతోంది" అంటే పంట కోతో, కరెంటు కోతో అనుకునేరు. లంకవాసి చెప్పేది నేల నదిలో కలిసిపోవడం గురించి.

లంకలకు వెళ్ళే దారి కాజ్‌వే అయితే ముందు ధవళేశ్వరం నీటిమట్టం కనుక్కోవాలి. 11.75 అడుగులకు (10 లక్షల క్యూసెక్కులు) మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు (13 లక్షలు) రెండోది, 17.75కు (17 లక్షలు) మూడోది. మొదటి హెచ్చరికకే పల్లపు కాజ్‌వేలు మునుగుతాయి. అప్పుడు "రేవు ఉందా?" అని అడగాలి. రేవు అంటే ఇక్కడ మెట్లూ బట్టలుతికే చోటూ మాత్రమే కాదు, పడవ దాటించే చోటు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య బండ్లను కూడా ఎక్కించుకునేది పంటు. పడవ అని అడిగితే జాలరి దగ్గరికి పంపుతారు.

తీరానికి దగ్గరయ్యే కొద్దీ పర్ర వస్తుంది: ఆటుపోట్లకు తడిసే ఉప్పు నేల, గడ్డి తప్ప పండదు. అంతర్వేదిలో వశిష్ఠ సముద్రంలో కలిసేచోటికి అన్నాచెల్లెళ్ళ గట్టు అని పేరు. గట్టు అనే మాటకు కోనసీమలో రెండు కొలతలున్నాయి. పొలం గట్టు మీద మనిషి నడుస్తాడు, ఏటిగట్టు మీద లారీ నడుస్తుంది. ఎవరైనా గట్టెక్కి వెళ్ళమంటే ఏ గట్టో అడగాలి.

నాలుగో రోజు: మాచర్ల దాకా

బండిలోనే ఎక్కువ పొద్దు పోతుంది. రాజమహేంద్రవరంలో ఘాట్ అంటే స్నానాల మెట్లు, పుష్కర ఘాట్. రేపు నల్లమలలో ఘాట్ అంటే కొండ మలుపుల రోడ్డు. ఏలూరు వైపు బుడమేరు, తమ్మిలేరు, ఉప్పుటేరు అన్నీ ఏరులే; కృష్ణ దాటి పల్నాడులోకి మళ్ళేసరికి వాగు మొదలవుతుంది. సాయంత్రం ఎత్తిపోతల జలపాతం చేరితే మాటల సరిహద్దు కంటికే కనిపిస్తుంది. సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి పడే ఆ నీళ్ళు మూడు చోట్ల నుంచి వస్తాయి: చంద్రవంక, నక్కల వాగు, తుమ్మల వాగు. వంక అనే సీమ మాటా, వాగు అనే పల్నాటి మాటా ఒకే రాతి అంచు మీంచి దూకుతాయన్నమాట. చిన్న జాగ్రత్త: ఉత్త "ఎత్తిపోతల ఎక్కడ?" అని అడిగితే కృష్ణ ఒడ్డున ఏదో పంపుహౌసుకు దారి చూపిస్తారు. ఎత్తిపోతల పథకాలు ఎక్కువైన ప్రాంతం.

వాగుకు పల్నాడులోనూ, తర్వాత తెలంగాణలోనూ క్రియ రావడం. "వాగొచ్చింది" అంటే వరద వచ్చిందని. గెడ్డ ఉన్నచోటే పొంగుతుంది, వాగు ఎక్కడినుంచో వస్తుంది.

ఐదో రోజు: నల్లమల

మార్కాపురం, దోర్నాల మీదుగా ఆత్మకూరు, నంద్యాల. పులుల అభయారణ్యం రోడ్డు కాబట్టి రాత్రి బండ్లను వదలరు. మధ్యాహ్నానికి దోర్నాల దాటేలా చూసుకోవాలి. శ్రీశైలం వైపు తుమ్మలబయలు, ఆత్మకూరు వైపు రోళ్ళపెంట. బయలు అంటే దట్టమైన అడవి మధ్య చెట్లు పలచబడి గడ్డి పెరిగిన చదును. పెంట అంటే చెంచుల ఊరు. తీరంలో పెంట అంటే పేడా చెత్తా వేసే కుప్ప కనుక, గుంటూరు నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు ఊరి పేరు పలకడానికి ఇబ్బంది పడతారు. పడనక్కర్లేదు, ఇక్కడది గౌరవమైన మాట.

కృష్ణకు ఆవలి ఒడ్డున, హైదరాబాదు-శ్రీశైలం రోడ్డు వైపు, లొద్ది మల్లయ్య ఉన్నాడు. లొద్ది అంటే నిట్టనిలువు రాళ్ళ మధ్య లోతైన ఇరుకు. విశాఖ లోవ, ఇక్కడి లొద్ది, రేపు సీమలో వినే కోన మూడూ పుస్తకంలో లోయే. కానీ లోవలో ఊరు కట్టుకోవచ్చు, లొద్దిలోకి మనిషి వంగి దిగాలి, కోనలో చివర నీళ్ళు ఉండి తీరాలి.

ఆరో రోజు: నందికనుమ, పోరుమామిళ్ళ

నంద్యాల నుంచి గిద్దలూరుకు మళ్ళీ నల్లమల దాటాలి, ఈసారి నందికనుమ మీదుగా. ఊళ్ళవాళ్ళు కనమ అంటారు, ఉకారం వినపడదు. కొండల వరస ఎక్కడ కుంగిందో అక్కడ దాటే చోటు కనుమ. ఘాట్ అనేది మనిషి వేసిన రోడ్డు. కనుమ అంతకుముందు నుంచే ఉన్నది.

గిద్దలూరు నుంచి దక్షిణంగా పోరుమామిళ్ళ. ఇక్కడి చెరువు శాసనం 1369 నాటిది, బుక్కరాయల కొడుకు భాస్కరుడు, అంటే భవదూరుడు వేయించినది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళు పట్టిందని రాసి ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలూ, ఆరు దోషాలూ లెక్కపెట్టారు: కట్ట ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు మధ్య ఎత్తు, నీళ్ళు తక్కువై నేల ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై నేల తక్కువ కావడం. సంస్కృతంలో చెప్పిన ఆ మధ్య ఎత్తుకు కడప రైతు దగ్గర తయారుగా మాట ఉంది: మిట్ట. ఒంటిమిట్టలో మిట్ట అదే. గోదావరి జిల్లాల్లో దీన్నే మెరక అంటారు, తెలంగాణలో గడ్డ.

చెరువు నిండాక అదనపు నీళ్ళు పోయే రాతి కట్టడం పేరు అడగడానికి ఇదే సరైన చోటు. ఎందుకంటే ఈ ఒక్క మాట మారితే మీరు ఏ జిల్లాలో ఉన్నారో చెప్పేయవచ్చు. సీమలో మరవ. నెల్లూరు, చిత్తూరు వైపు కలుజు. ఇది తమిళం కలింగుకు చుట్టం. గుంటూరు, ప్రకాశం, పాలమూరు, నల్లగొండల్లో అలుగు. వరంగల్, కరీంనగర్లలో మత్తడి. మరవా కలుజూ పారతాయి, అలుగు పారుతుంది లేదా పోస్తుంది, మత్తడి మాత్రం దుంకుతుంది. తూము తెరవడం, మరవ పారడం రెండూ ఒకటే అనుకుంటే లెక్క తప్పుతుంది. తూము మనిషి చేతిలోది, మరవ చెరువు ఇష్టం.

భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సారథ్యంలో వ్యవసాయ పదాలు సేకరించి (ఆ పదకోశం 1962లో అచ్చయింది) తెలుగు నేలను నాలుగు మాండలిక మండలాలుగా విడదీసినప్పుడు గీతలు గీయడానికి పనికొచ్చినవి ఇలాంటి పనిముట్ల, పొలాల మాటలే. గీత మాత్రం గోడలాంటిది కాదు. గిద్దలూరు సంతలో మరవా అలుగూ రెండూ వినపడితే ఆశ్చర్యపడనక్కర్లేదు.

ఏడో రోజు: గండికోట

మైదుకూరు, ప్రొద్దుటూరు మీదుగా జమ్మలమడుగు. పేరులోని మడుగు నీళ్ళు ఏడాదంతా నిలిచే గుంట. అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్లు గండికోట. ఎర్రమల కొండలను పెన్న కోసుకుని వెళ్ళిన సందు గండి. వేంపల్లె దగ్గర పాపఘ్ని కొండను చీల్చినచోటు పేరు కూడా గండే. కృష్ణా డెల్టాలో "గండి" అని ఎవరైనా అరిస్తే ఊరంతా ఇసుక బస్తాలతో పరుగెత్తుతుంది, కట్ట తెగిందని. అక్కడ గండి పడుతుంది, లేదా ఎవరో కొడతారు. ఇక్కడ గండి ఉంటుంది, అంతే.

చుట్టుపక్కల చిన్న పారుదలలన్నీ వంకలు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి, బండ్లూ గొర్రెలూ నడిచే దారిగా ఉంటాయి. అందుకే ప్రమాదం. ఇసుక తడిగా కనిపిస్తే, పైనుంచి చెత్తా పుల్లలూ తేలుతూ వస్తే బండి దింపకూడదు. సాయంత్రానికి కర్నూలు.

ఎనిమిదో రోజు: తుంగభద్ర దాటాక

వంతెన దాటగానే కొండ గుట్ట అవుతుంది. సీమలో గుట్ట చిన్నది, కొండ పెద్దది. తెలంగాణలో ఎంత ఎత్తైనా గుట్టే. పేరులో కొండ ఉన్నా దాన్ని ఆపలేదు: రాచకొండ గుట్టలు అంటారు. మాటల మధ్య అచ్చులు జారిపోతాయి: చెర్వు, కాల్వ, చెల్క. చెల్క అంటే ఎర్రటి తేలిక నేల. అన్నిటికన్నా చిన్న పారుదల ఒర్రె, పలికేటప్పుడు వొర్రె. ఒర్రెలు కలిస్తే వాగు. ఎండిన వాగు ఇసుకలో తాగేనీటికి తవ్వుకునే గుంట చెలిమె. గోదావరి జిల్లాల చెలమ ఇదే.

శ్రీకాకుళంలో నుయ్యి, గుంటూరులో బావి, ఇక్కడ బాయి. సింగరేణి ఊళ్ళలో బాయి అంటే బొగ్గు గని కూడా. "మా నాయిన బాయిల పని చేస్తడు" అంటే నీళ్ళ బావి తవ్వేవాడు కాకపోవచ్చు.

తొమ్మిదో రోజు: పాకాల

నర్సంపేట దగ్గర పాకాల, ములుగు వైపు రామప్ప, లక్నవరం: మూడూ కాకతీయుల చెరువులు. గుట్టల మధ్య సందు చూసి కట్ట వేసి, వాగు నీళ్ళను ఆపారు. చెరువు నిండితే మునిగే లోపలి నేల శిఖం, ఉత్తరాంధ్రలో చెరువు గర్భం. నీళ్ళు దిగాక శిఖంలో కొందరు పంట వేస్తారు. ఎండాకాలంలో చూస్తే మామూలు చెల్కలాగే ఉంటుంది. ఊరి చివర స్థలం చౌకగా వస్తోందంటే పహాణీలో, అంటే ఊరి భూముల లెక్కల్లో, శిఖం అని ఉందేమో, ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు చేరే హద్దు) లోపల పడిందేమో చూసుకోవాలి. దస్తావేజు రాసిన మనిషి మళ్ళీ కనిపించడు, చెరువు కనిపిస్తుంది.

మత్తడి దగ్గర నిలబడితే ఆ క్రియ ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. రాతి కట్టు మీంచి నీళ్ళు ఒక్క వెడల్పుగా కిందికి పడతాయి. తీరంలో దూకడం అనేదే ఇక్కడ దుంకడం. రాతి మీద పాచి పడితే కాలు నిలవదు, కింద నీటి సుడి ఉంటుంది, ఫోటో కోసం ఆ అంచు మీదికి వెళ్ళకూడదు. చూడటానికి వచ్చేవాళ్ళు ముందు రోజు ఫోను చేసి "మత్తడి దుంకుతుందా?" అని అడిగితే సరిపోతుంది. జవాబు "మొన్ననే బందైంది" అని రావచ్చు. ఆగిపోయిందని అర్థం. సోంపేట నుంచి వచ్చిన చెవికి మాత్రం చెరువు చిన్నబోయి బంద అయిందనే వినపడుతుంది.